ఎస్‌జీ గిటార్ హెడ్‌స్టాక్ వాలిపోతుంటే స్ట్రాప్ బటన్ ఎక్కడికి మార్చాలి, ఎలా మార్చాలి

మీ ప్రశ్న ఇదీ: ఎస్‌జీ ఆకారపు ఎలక్ట్రిక్ గిటార్ కొన్నారు. చర్చిలో ఆరాధన జరిగినంతసేపూ నిలబడే వాయించాలి. ఎడమచెయ్యి తియ్యగానే హెడ్‌స్టాక్ (తీగలు బిగించే కొస) నేలవైపు వాలిపోతోంది, పాటలు అయ్యేసరికి మణికట్టూ భుజమూ లాగేస్తున్నాయి. నెక్ (పొడుగాటి కాడ) వెనకున్న స్ట్రాప్ బటన్‌ని, అంటే భుజాన వేసుకునే పట్టీ తగిలించే గుండీని, బాడీ పైకొమ్ముకి మార్చుకోవచ్చా, మారిస్తే గిటార్ పాడవుతుందా అని అడిగారు.

మార్చుకోవచ్చు. రంధ్రం సరైన సైజులో, సరైన చోట వేస్తే గిటార్‌కి ఏమీ కాదు, మోతలో తేడా రాదు. కానీ డ్రిల్ పట్టుకునే ముందు రెండు పనులు చెయ్యండి: స్ట్రాప్ మార్చి చూడండి, కొత్త చోటుని తాడు కట్టి పరీక్షించండి. నా దగ్గరికి ఇదే బాధతో వచ్చేవాళ్లలో చాలామందికి స్ట్రాప్ మార్చడంతోనే సగం తీరిపోతుంది. మిగతా సగానికే బటన్ జరపాల్సి వస్తుంది.

నేను విజయవాడలో గిటార్లు బాగుచేస్తుంటాను. కోస్తా జిల్లాల్లో ఎలక్ట్రిక్ గిటార్ నిలబడి, గంటలకొద్దీ, వారం వారం వాయించేవాళ్లు ఎక్కువగా చర్చి బృందాల్లోనే ఉన్నారు. అందుకే మీ ప్రశ్న నాకు బాగా తెలిసిన ప్రశ్న.

ముందు ఇది ఎందుకు జరుగుతుందో చెబుతాను, అది తెలిస్తే ఎక్కడ రంధ్రం వెయ్యాలో మీకే అర్థమవుతుంది. 1961లో గిబ్సన్ కంపెనీ తన లెస్ పాల్ మోడల్‌కి బదులుగా ఈ ఆకారాన్ని తెచ్చినప్పుడు బాడీని పల్చగా చేసింది, రెండు పక్కలా కొమ్ములు తీసింది, ఆఖరి ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు గీతల) దాకా వేళ్లు హాయిగా వెళ్లేలా నెక్‌ని బాడీ బయటికి జరిపింది. వాయించడానికి అంత సుఖమైన నెక్ అరుదు. అయితే బాడీ తేలికైంది, నెక్ బయటికి పొడుగ్గా వచ్చింది, ముందు బటన్ మాత్రం నెక్ బాడీలో కలిసే చోట వెనకపక్కన ఉంది. గిటార్ మొత్తం బరువు సమంగా తూగే చోటు కూడా దాదాపు అక్కడే ఉంటుంది. చిక్కంతా ఇక్కడే.

కావడి మోసేవాళ్లు ఒకపక్క బరువు ఎక్కువైతే ఏం చేస్తారు? భుజాన్ని ఆ పక్కకి జరుపుకుంటారు. ఇక్కడా అంతే. హెడ్‌స్టాక్ పక్క బరువుంటే, పట్టుకునే చోటు హెడ్‌స్టాక్ వైపు జరగాలి. స్ట్రాప్ రెండు బటన్ల మధ్య వేలాడే ఒకే పట్టీ. అది భుజం మీద ఇటూ అటూ జారగలదు. ముందు బటన్ తూగే చోటుకి బాగా ముందుగా, అంటే హెడ్‌స్టాక్ వైపుగా ఉంటే గిటార్ నిలకడగా ఉంటుంది. బటన్ సరిగ్గా తూగే చోటు మీదే ఉంటే నెక్‌ని పైకి పట్టి ఉంచే బలమేదీ ఉండదు, పట్టీ భుజం మీద జారిపోతూ నెక్ కిందికి దిగిపోతుంది. అప్పుడు ఆ బరువుని మీ ఎడమచెయ్యి మోస్తుంది. స్వరాలు నొక్కాల్సిన చెయ్యి బరువు మోస్తుంటే మణికట్టు లాగక ఏమవుతుంది?

ఇంకో గిటార్ కంపెనీ ఫెండర్ వాళ్లు ఈ సంగతిని మొదట్లోనే పట్టించుకున్నారు. 1951 ప్రిసిషన్ బేస్ గిటార్‌కి పైకొమ్ముని పొడుగ్గా ముందుకు సాగదీశారు, 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌కీ అదే పద్ధతి. స్ట్రాట్‌లో పైకొమ్ము కొస, దానిమీది బటన్, ఇంచుమించు 12వ ఫ్రెట్ దాకా వస్తాయి. అందుకే స్ట్రాట్ మెడలో వేసుకుని రెండు చేతులూ వదిలేసినా కదలకుండా ఉంటుంది. మీ ఎస్‌జీ కొమ్ములు అంత ముందుకు రావు. ఇది గుర్తుంచుకోండి: బటన్‌ని కొమ్ముకి మార్చినా మీకు కలిసొచ్చేది కొద్ది సెంటీమీటర్లే. ఆ కొద్దిపాటి దూరం, దానికి తోడు జారని స్ట్రాప్, రెండూ కలిస్తేనే పూర్తి ఫలితం. ఒక్క బటన్ మార్చి స్ట్రాట్‌లా అయిపోవాలంటే కాదు.

మీ గిటార్ ఎక్కడ తూగుతుందో మీరే చూసుకోవచ్చు. అప్పడాల కర్రకి టవల్ చుట్టి బల్ల మీద పెట్టి, దానిమీద గిటార్‌ని వెల్లకిలా అడ్డంగా ఉంచి, ఇటూ అటూ జరుపుతూ ఏ ఫ్రెట్ దగ్గర సమంగా నిలుస్తుందో చూడండి. అక్కడ చిన్న మాస్కింగ్ టేప్ ముక్క అంటించండి. కొత్త బటన్ ఆ టేపుకి ఎంత ముందుగా ఉంటే అంత మంచిది.

ఇక స్ట్రాప్. గిటార్‌తో పాటు ఊరికే ఇచ్చే నైలాన్ పట్టీ చొక్కా మీద సబ్బు రాసినట్టు జారుతుంది. రెండున్నర, మూడు అంగుళాల వెడల్పున్న తోలు స్ట్రాప్ తీసుకోండి, లోపలివైపు స్వేడ్ గరుకు ఉండాలి. భుజం మీద బరువు పరుచుకుంటుంది, పట్టీ జారదు. మన ఎండల్లో, చెమటకి తోలు గట్టిపడుతుంది కాబట్టి వాయించాక గాలికి ఆరబెట్టి పెట్టెలో పెట్టండి. తడిమీద మూసెయ్యొద్దు.

పొడవు కూడా చూడాలి. కుర్చీలో నిటారుగా కూర్చుని హాయిగా వాయిస్తున్నప్పుడు గిటార్ ఏ ఎత్తులో ఉంటుందో, నిలబడినప్పుడూ దాదాపు అక్కడే ఉండేలా పట్టీ సరిచెయ్యండి. హెడ్‌స్టాక్ భుజం ఎత్తుకి దగ్గర్లో, నెక్ కాస్త పైకి వాలి ఉంటే ఎడమ మణికట్టు తిన్నగా ఉంటుంది. కుర్రాళ్లు చాలామంది గిటార్‌ని తొడల దాకా దింపుకుంటారు. చూడ్డానికి బావుంటుందేమో కానీ మణికట్టు లోపలికి మడిచి బారే కార్డులు (ఒకే వేలు తీగలన్నిటి మీదా అడ్డంగా నొక్కేవి) పట్టాల్సి వస్తుంది. బటన్ ఎక్కడ పెట్టినా ఆ నొప్పి పోదు.

తాడు పరీక్ష. స్ట్రాప్ మార్చాక కూడా వాలుతుంటే ఇది చెయ్యండి. గట్టి నూలు బూటు లేసుని పైకొమ్ము కొసకి దగ్గరగా చుట్టి ముడెయ్యండి, జారకుండా మీద మాస్కింగ్ టేప్ నాలుగు చుట్లు వెయ్యండి, స్ట్రాప్ ముందు కొసని ఆ లేసుకి కట్టండి. మంచం పక్కన నిలబడి, పరుపు మీదుగా, ఒక చెయ్యి గిటార్ కింద ఉంచి మెల్లగా వదిలి చూడండి. నెక్ నిలబడిందా, నెమ్మదిగా దిగిందా, దబ్బున దిగిందా? మొదటిదైతే డ్రిల్ చెయ్యొచ్చు. రెండోదైతే చేస్తే మేలే, పూర్తిగా పోదు. మూడోదైతే కొమ్ము మీద రంధ్రం దండగ, కింద చెప్పే వేరే దార్లు చూడండి. ఈ పరీక్ష చెయ్యకుండా రంధ్రం వెయ్యమని నేనెవరికీ చెప్పను.

ఇంకో మాట. బటన్ నెక్ వెనకపక్కన ఉన్నప్పుడు గిటార్ వెనకనుంచి వేలాడుతుంది, బరువు దానికి ముందు ఉంటుంది. అందుకే గిటార్ ముఖం బయటికి ఒరిగి, మీ పొట్టకి దూరంగా పోతుంటుంది. బటన్ కొమ్ము అంచుకి వస్తే అది కూడా తగ్గి, గిటార్ ఒంటికి చదునుగా ఆనుతుంది. నెక్ వాలడం కొంచెమే తగ్గినా, ఈ మార్పు వల్లే చాలామంది "ఇప్పుడు హాయిగా ఉంది" అంటారు.

ఇక రంధ్రం వేసే పని. అసలు జాగ్రత్తంతా ఇక్కడ కావాలి.

చోటు ఎంచుకోవడం: ఎస్‌జీ బాడీ దాదాపు 35 మి.మీ. మందం. అయితే కొమ్ముల దగ్గర అంచులు ఏటవాలుగా చెక్కి ఉంటాయి కాబట్టి అక్కడ చెక్క అంతకన్నా బాగా పల్చన. మామూలు స్ట్రాప్ స్క్రూ 25 మి.మీ. దాకా ఉంటుంది. కొమ్ము వెనకనుంచి నిలువుగా బిగిస్తే ముందువైపు పొడుచుకొచ్చే ప్రమాదం ఉంది. అందుకే నేను ఎక్కువగా కొమ్ము అంచులో, మందానికి నడిమధ్యన, స్క్రూ చెక్క లోపలికి పొడుగ్గా దిగేలా వేస్తాను. బటన్ అడుగు మొత్తం ఆనేంత చదునైన చోటు ఉండాలి. మరీ కొస మీద వద్దు, అక్కడ చెక్క పల్చగా ఉండి పీచు వెంట చీలిపోతుంది. కొస నుంచి కనీసం ఒక సెంటీమీటరైనా లోపలికి రండి. అలాగే పీచు కొసల్లోకి దిగిన స్క్రూకి అడ్డపీచులోకి దిగినదానికున్నంత పట్టు ఉండదు. అందుకే ఇక్కడ పొట్టి స్క్రూ వాడకూడదు.

మూత తీసి లోపల చూడటం కూడా మర్చిపోకండి. ఎస్‌జీలో పైకొమ్ము దగ్గర వైర్లు ఉండవు కానీ, ఎస్‌జీలా కనిపించే కొన్ని గిటార్లలో టోగుల్ స్విచ్ (మోత మార్చే మీట) పైన ఉంటుంది. దాని గుంత ఎక్కడిదాకా ఉందో చూసి గాని బిట్ ఆనించొద్దు.

రంధ్రం సైజు: స్క్రూని, డ్రిల్ బిట్‌ని కంటి ముందు ఒకదాని మీద ఒకటి పట్టుకోండి. బిట్ వెనక స్క్రూ నడిమి కాండం దాగిపోవాలి, రెండు పక్కలా మరలు మాత్రం కనిపించాలి. అదే సరైన బిట్. లెక్కలో చెప్పాలంటే 3.5 మి.మీ. స్క్రూకి మహాగని లాంటి చెక్కలో 2.5 మి.మీ. దగ్గర, మేపుల్ లాంటి గట్టి చెక్కలో 2.8 మి.మీ. దాకా. చిన్న రంధ్రంలో స్క్రూని బలవంతంగా తిప్పితే రెండిట్లో ఒకటి జరుగుతుంది: చెక్క చీలుతుంది, లేదా స్క్రూ తల తెగి ఒళ్లు లోపల ఉండిపోతుంది. రెండోది తీయడం కన్నా మొదటిది అతకడం సులువు. అంత చిరాకు పని అది.

లోతు కోసం బిట్ మీద స్క్రూ పొడవు దగ్గర టేప్ చుట్టండి. టేప్ చెక్కకి తగలగానే ఆపండి. బటన్ మందం లెక్కలోంచి తీసెయ్యడం మర్చిపోవద్దు, స్క్రూలో కొంత భాగం బటన్‌లోనే ఉండిపోతుంది.

పెయింట్ సంగతి: చవకరకం గిటార్లకి పాలియెస్టర్ పూత మందంగా ఉంటుంది, స్క్రూ మరలు దాన్ని పైకి లేపి పెచ్చులూడదీస్తాయి. మాస్కింగ్ టేప్ అంటించి, దానిమీద గుర్తు పెట్టి, సూదిమొన లాంటి దానితో చిన్న గాటు పెట్టి, బిట్‌ని మొదట వెనక్కి తిప్పుతూ పూతని అరగదియ్యండి. ఆ తర్వాత మామూలుగా రంధ్రం వెయ్యండి. చివర్లో స్క్రూ బయటి మందమంత ఉన్న బిట్‌ని చేత్తోనే రెండు మూడు తిప్పులు తిప్పి పూత వరకు మాత్రం వెడల్పు చెయ్యండి. అప్పుడు మరలు పూతని తాకకుండా చెక్కలోకే దిగుతాయి. బటన్ కింద పల్చటి ఫెల్ట్ వాషర్ పెట్టండి.

స్క్రూ మరలకి కొవ్వొత్తి మైనం రుద్దండి. సబ్బు వద్దు, అది తేమ పీల్చి స్క్రూని తుప్పు పట్టిస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది తొందరగా కనిపిస్తుంది. బిగించేటప్పుడు చేతి స్క్రూడ్రైవరే వాడండి, మెషిన్‌తో బిగిస్తే ఎక్కడ ఆపాలో తెలియదు.

నెక్ వెనక పాత రంధ్రాన్ని ఏం చెయ్యాలి? పాత బటన్‌ని అక్కడే ఉంచెయ్యమంటాను నేను. వాయించేటప్పుడు అరచేతికి తగలకపోతే దానివల్ల నష్టం లేదు, రేపు అమ్మాలనుకుంటే కొన్నవాళ్లు పాత పద్ధతిలోనే వేసుకోవచ్చు. తగులుతుంటే బటన్ తీసేసి, రంధ్రంలోకి ఫెవికాల్ రాసిన గట్టి చెక్క పుల్ల దించి, ఒకరోజు ఆరనిచ్చి, పైభాగం సమంగా కోసెయ్యండి.

ఎప్పుడో వదులైపోయిన రంధ్రానికి కూడా ఇదే మందు. టూత్‌పిక్‌లు రెండో మూడో ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో నింపి, ఆరాక మళ్లీ సన్న బిట్‌తో రంధ్రం వేసి బిగిస్తే కొత్తదానిలా పట్టుకుంటుంది. అగ్గిపుల్లలు మెత్తన, వాటికన్నా వెదురు పుల్ల మేలు.

రంధ్రం వెయ్యకూడని గిటార్లు ఉన్నాయి. వారంటీలో ఉన్నది, పాతకాలపు విలువైనది, ఇంకొకరిది (చర్చి గిటార్ కూడా ఇందులోకే వస్తుంది, పెద్దలని అడిగి చెయ్యండి). ఈఎస్-335 లాంటి సెమీ హాలో గిటార్లలో పక్కల చెక్క కొద్ది మిల్లీమీటర్ల పల్చటి పొరల చెక్క, లోపల డొల్ల. అక్కడ స్క్రూకి పట్టు ఉండదు. లోపల దిమ్మ ఉన్న చోటు తెలిస్తే తప్ప చెయ్యి పెట్టొద్దు. అకౌస్టిక్ గిటార్ నెక్ కింద బటన్ వేయించడం వేరే పని, దాన్ని దీనితో కలపకండి.

మీ గిటార్ నెక్ నాలుగు బోల్టులతో బిగించినదైతే (ఎస్‌జీ ఆకారంలో చవకరకాలు కొన్ని అలా వస్తాయి) రంధ్రం లేకుండా ఒక దారుంది. నెక్ ప్లేట్ బోల్టుల్లో హెడ్‌స్టాక్ వైపున్న ఒకదాన్ని తీసి, ఆ చోట బటన్ పెట్టి కాస్త పొడుగు బోల్టుతో బిగించడం. పొడుగు అంటే సరిగ్గా బటన్ మందమంతే ఎక్కువ. అంతకన్నా ఎక్కువైతే బోల్టు నెక్‌లోంచి ఫింగర్‌బోర్డు (వేళ్లు నొక్కే పలక) దాకా వచ్చేస్తుంది. ఇది కొమ్మంత మంచి చోటు కాదు, ముఖం బయటికి ఒరగడం కూడా తగ్గదు. కానీ గిటార్‌కి గాటు పడదు.

వెనక బటన్ గురించి ఎవరూ అడగరు, అది కూడా పనికొస్తుంది. రెండు బటన్ల మధ్య గీతే గిటార్ వేలాడే వాలుని నిర్ణయిస్తుంది. కాబట్టి వెనక బటన్‌ని నడుమనుంచి పైఅంచు వైపు కొంచెం జరిపితే గిటార్ తోక దిగి, నెక్ పైకి లేస్తుంది. జాక్ (కేబుల్ గుచ్చే చోటు) గుంతకీ కంట్రోల్స్ గుంతకీ తగలకుండా చూసుకుంటే చాలు. తాడు పరీక్షలో "నెమ్మదిగా దిగింది" అని తేలినవాళ్లకి నేను ఇది కూడా చేసి చూపిస్తాను. దీనికీ ముందు టేపుతో పరీక్షే, తర్వాతే డ్రిల్.

బరువు తగ్గించడం ఇంకో దారి. హెడ్‌స్టాక్ మీది నిండు లోహపు ట్యూనర్లు (తీగలు బిగించే చెవులు) తీసి తెరిచిన గేర్లున్న తేలిక ట్యూనర్లు వేస్తే మంచి తేడా వస్తుంది. లెక్క చూడండి: తూగే చోటునుంచి హెడ్‌స్టాక్ 60 సెం.మీ. దూరం, గిటార్ తోక 30 సెం.మీ. దూరం అనుకుందాం. హెడ్‌స్టాక్‌లో 100 గ్రాములు తగ్గించడం, తోకలో 200 గ్రాములు పెంచడం, రెండూ సమానం. అందుకే బాడీలోకి సీసపు ముక్కలు దూర్చడం నాకు నచ్చదు. నెక్ నిలబడుతుంది కానీ ఆ బరువంతా మీ భుజం మీదే పడుతుంది.

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ వాయించే ఒకాయన థండర్‌బర్డ్ ఆకారపు బేస్ తెచ్చారు. పైకొమ్ము దాదాపు లేని ఆకారం అది, నెక్ మరీ పొడుగు, వాలడానికి పెట్టింది పేరు. కొమ్ము లేనప్పుడు బటన్ ఎక్కడ పెట్టాలి? బాడీ పైభాగానికి వెనకనుంచి రెండు స్క్రూలతో మందపాటి అల్యూమినియం పట్టీ బిగించి, దాన్ని ముందుకు సాగనిచ్చి, కొసన బటన్ పెట్టాం. అంచులు నున్నగా ఆకురాయితో రుద్ది, నల్ల రంగు వేశాం. ట్యూనర్లు కూడా తేలికవి వేశాక, వేదిక మీద మైకు సర్దుకోవడానికి రెండు చేతులూ వదిలేయగలుగుతున్నారు. ఇది నా ఆలోచనేం కాదు. కొమ్ముల్లేని చిన్న బాడీతో వచ్చిన స్టైన్‌బర్గర్ కంపెనీ హెడ్‌లెస్ (హెడ్‌స్టాక్ లేని) బేస్‌లలో వెనకాల ముందుకు సాగే పలకకే స్ట్రాప్ తగిలిస్తారు.

ఎడమచేతి వాటం పిల్లలు కుడిచేతి గిటార్ తిప్పి వాయిస్తామని వస్తుంటారు. జిమీ హెండ్రిక్స్ కుడిచేతి స్ట్రాట్‌ని తిప్పి, బటన్‌ని రెండో కొమ్ముకి మార్చుకుని వాయించాడు, కాబట్టి దారి ఉంది. అయితే స్ట్రాట్‌లో కింది కొమ్ము పొట్టిది, తిప్పాక అదే పైకొమ్ము అవుతుంది, తూకం కొంత తగ్గుతుంది. ఎస్‌జీలో రెండు కొమ్ములూ ఇంచుమించు ఒకలాంటివే కాబట్టి తిప్పినా తూకంలో పెద్ద తేడా రాదు. ఈ విషయంలో మీ గిటార్ నయం.

లెస్ పాల్ వాళ్లు కూడా ఇదే ప్రశ్న వేస్తారు. వాళ్ల బాధ వేరు: అక్కడ నెక్ వాలదు, మొత్తం గిటారే బరువు. వెడల్పు స్ట్రాప్ వేసుకుని, పాటల మధ్య గిటార్ స్టాండ్ మీద పెట్టడం తప్ప బటన్లతో ఒరిగేదేమీ లేదు.

స్ట్రాప్ లాకుల (పట్టీ బటన్ మీంచి ఊడకుండా పట్టే కొక్కేల) మాట కూడా. బటన్ కొమ్ము అంచుకి మారాక పట్టీ లాగే దిశ మారుతుంది, మొదట్లో తోలు రంధ్రం బటన్ మీంచి ఊడిపోయే అవకాశం ఉంది. షాలర్, డన్‌లప్ లాంటి లాకులు మంచివే. బటన్ ఒక కంపెనీది, కొక్కెం ఇంకో కంపెనీది కలపకండి, జతగా కొనండి. వాటితో వచ్చే స్క్రూ మీ పాత రంధ్రం కన్నా సన్నగా ఉంటే, పైన చెప్పిన టూత్‌పిక్ పద్ధతిలో రంధ్రం నింపి బిగించండి, సన్న స్క్రూని లావు రంధ్రంలో అలాగే వదిలెయ్యొద్దు. ఏ కంపెనీదైనా స్ట్రాప్ వైపుండే నట్టు వదులవుతుంటుంది, వేలితో తడిమి చూడటం అలవాటు చేసుకోండి. ఖర్చు వద్దనుకుంటే బటన్ మీద స్ట్రాప్ ఎక్కించాక కుళాయి రబ్బరు వాషర్ ఒకటి బిగువుగా దూర్చండి. పది రూపాయల పని, బాగా పట్టుకుంటుంది.

ఒక్క విషయం మాత్రం హార్డ్‌వేర్‌తో కలపకండి. వేళ్లలో తిమ్మిరి, చురుకులు, రాత్రిపూట చెయ్యి మొద్దుబారడం లాంటివి ఉంటే ముందు డాక్టర్‌కి చూపించండి. గిటార్ సరిచేశాక తగ్గుతుందేమోనని నెలలు గడపొద్దు.

రంధ్రం వేశాక మొదటి రెండు మూడు ఆరాధనల తర్వాత స్క్రూని చేత్తో ఒకసారి సరిచూడండి. కొత్త రంధ్రంలో చెక్క కొంచెం సర్దుకుంటుంది, పావు తిప్పు బిగించాల్సి రావచ్చు. అంతకన్నా ఎక్కువ తిరుగుతుంటే రంధ్రం లావైనట్టే, వెంటనే పుల్లతో నింపి మళ్లీ వెయ్యండి.

మీ గిటార్ పైకొమ్ము దగ్గర, కొస నుంచి సెంటీమీటరు లోపల, అంచు మందం ఎంతుందో కొలిచి చెప్పండి. తూగే చోటు ఏ ఫ్రెట్ దగ్గర వచ్చిందో కూడా రాయండి. ఆ రెండూ తెలిస్తే ఎంత పొడుగు స్క్రూ వాడాలో, ఏ బిట్ తీసుకోవాలో చెబుతాను.